తాళం వేసిన నూట అరవై మూడు ఇళ్ళు

పదకొండింటికి ఢిల్లీలో, సాకేత్‌లో ఉండాలి, ఇప్పుడు తొమ్మిదీ ఇరవై, పరీ చౌక్‌లో మెట్రో తలుపులు మూసుకున్నాయి. ఇంక ఏం ఆలోచించినా ఈ పెట్టెలోనే ఆలోచించాలి అనుకుంది వాసవి. సీట్లు సగం ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, తను కూర్చుంటే రైలు కూడా తీరిగ్గా కూర్చుండిపోతుందేమోనని కడ్డీ పట్టుకుని నిలబడింది. భుజాన బ్యాగు, బ్యాగులో ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌లో రిపోర్టు, రిపోర్టు నాలుగో పేజీలో పదకొండు శాతం. ఆ పదకొండు తెచ్చింది తనే. మే నెలంతా, జూన్ సగమూ, అయిదుగురు అమ్మాయిల్ని వెంటేసుకుని కాసనా అవతల ఫ్యాక్టరీల వెనకున్న రేకుల గదుల బస్తీలో తిరిగి, నాలుగు వందల ఇళ్ళలో అడిగి, కూడి, భాగించి తెచ్చింది. తల్లులు పనికి పోతే చూసేవాళ్ళు లేని చిన్నపిల్లలున్న ఇళ్ళు నూటికి పదకొండు అని తేల్చింది. ఈ సర్వే చేయించిన ట్రస్టు వాళ్ళు గీసుకున్న గీత ఇరవై అయిదు. ఆ గీత అందితే అక్కడ బాలవాడి తెరిచి పిల్లల్ని పగలంతా చూసుకుంటారు, అందకపోతే ఇంకో బస్తీకి ఇచ్చేస్తారు, మళ్ళీ ఈ బస్తీ పేరెత్తేది రెండేళ్ళ తర్వాతే. ఆ నిర్ణయం ఇవాళ పదకొండింటికి. ఆ పదకొండు శాతం తప్పని వాసవికి తెలిసింది ఇవాళ పొద్దున్న ఏడింటికి పావు తక్కువకి.

అదీ పద్మనాభం గారికి ఫోటో కావలసి రావడం వల్ల. ఆయన సర్వే కంపెనీకి డైరెక్టరు, ఇరవై రెండేళ్ళుగా ఢిల్లీలో ఉంటున్న హైదరాబాదు మనిషి, అంకెల మీద ఆయనకెంత గౌరవమో అంకెలకి ముందు పెట్టే బొమ్మ మీద అంతకు రెట్టింపు. మొదటి స్లైడ్‌కి పొద్దుటి వెలుతురులో బస్తీ ఫోటో ఒకటి కావాలన్నారు. దాని కోసం వాసవి నిన్న బేర్ సరాయ్‌లో గదికి పోకుండా పరీ చౌక్ దగ్గర స్నేహితురాలి పీజీలో పడుకుని ఆరున్నరకే బస్తీకి చేరింది. వెలుతురు బాగానే ఉంది. వరసగా గదులు, తలుపుల మీద నీలం రంగు నంబర్లు, ఫోన్ ఎత్తిపట్టుకుంటే ఫ్రేములోకి ఒకావిడ వచ్చింది, తర్వాత ఇంకొకావిడ, తర్వాత వరసంతా ఆడవాళ్ళే, చంకలో టిఫిన్ డబ్బా, పళ్ళ మధ్య పిన్నీసు, జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చి తలుపు లాగి తాళం వేస్తున్నారు. టక్కు. పక్కది టక్కు. ఆ తాళాలు వాసవికి కొత్త కాదు, నెలన్నరగా చూస్తున్నవే, కాకపోతే వేసి ఉండగా చూసింది గాని వేస్తుండగా ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తుంది? కంపెనీలో ఆడపిల్లలు పదింటికి ముందు బస్తీల్లోకి పోకూడదు, అయిదు దాటాక ఉండకూడదు, అంతా మన క్షేమం కోసమే. పదికీ అయిదుకీ మధ్యలో వెళ్ళి తలుపు తట్టి, పనికి పోయే తల్లుల లెక్క తీసుకొచ్చారు. ఈ మాట ఇలా విడిగా చెప్తే చిన్నపిల్ల కూడా నవ్వుతుంది, తనకి మాత్రం నెలన్నర పాటు తట్టలేదు.

పొద్దున్న ఆ మాట తెలియజెప్పింది చిన్నపిల్లే, నవ్వలేదు మాత్రం. నూట పన్నెండో గది ముందు ఒకావిడ, ఫోటోలో అందరికంటే ముందు పడ్డావిడే, చేతిలో తాళంతో సగం మూసిన తలుపులోంచి లోపలికి మొహం పెట్టి తెలుగులో చెప్తోంది. "తమ్ముడు ఏడిస్తే బొరుగులు పెట్టు. పొయ్యి కాడికి పోబాక. ఎవరొచ్చి కొట్టినా గమ్మునుండు." ఈ మూల తెలుగు వినేసరికి వాసవికి ప్రాణం లేచొచ్చి, మీరు తెలుగువాళ్ళా అంటూ ఎగబడింది. కందుకూరు కాడమ్మా మాది, అన్నమ్మ అంటారు నన్ను, అంటూనే ఆవిడ గొలుసు పెట్టి తాళం తగిలించబోయింది. రెండు తలుపుల మధ్య బెత్తెడు సందు. ఆ సందులో ఒక కన్ను, అరచెంప.

"అమ్మా, ఈ అక్కే. మన తలుపు మూడుసార్లు కొట్టింది, నేను లెక్కబెట్టినా. ఆ మూడోసారి ఇక్కడే నిలబడి ఫోన్లో తెలుగులో మాట్లాడింది. ఇక్కడ ఒక్క మనిషి లేడమ్మా, అన్నీ తాళాలే, పని తొందరగా అయిపోద్ది అనింది." ఆ కన్ను వాసవి వైపు తిరిగింది. "నేనున్నా గదా అప్పుడు."

అన్నమ్మ మొహం మాడిపోయింది. "నువ్వు పలికినావా భానుశ్రీ?"

"లేదమ్మా. తమ్ముడి నోరు కూడా మూసిపెట్టినా."

ఆ తర్వాత అన్నమ్మ ఏదో చెప్పింది, ఏడింటికి ఫ్యాక్టరీ గేటు మూసేస్తారమ్మా, మళ్ళా సాయంత్రం ఏడింటికే తీసేది, అయిదు నిమిషాలు దాటితే లోపలికి రానీరు, పిల్లల్ని ఎంట తీసుకపోతే గేటు కాడే ఆపేస్తారు, తలుపు తీసి వదిలి పోతే బయట లారీలు తిరిగే రోడ్డు, ఏం జెయ్యమంటారు, తప్పేనమ్మా, నాకు తెలుసు. ఇవన్నీ వాసవికి సగం సగమే వినిపించాయి, ఎందుకంటే తల లోపల ఆ ఒక్క ముక్క తిరుగుతోంది, నేనున్నా గదా. టక్కుమని తాళం పడింది. అన్నమ్మ పరిగెత్తింది. ఆరేళ్ళ పిల్ల, ఏడాదిన్నర పిల్లాడు, రేకుల కప్పు, ఇవాళ నలభై నాలుగు డిగ్రీలని పొద్దున్నే ఫోన్ చెప్పింది.

నాలెడ్జ్ పార్క్ స్టేషన్‌లో కాలేజీ పిల్లలు బిలబిలా ఎక్కారు. హెడ్‌ఫోన్లు, కాఫీ కప్పులు, ఎవరిదో నవ్వు. వాళ్ళలో ఒకమ్మాయి ఒళ్ళో పుస్తకం తెరిచింది, పేజీలో గంట ఆకారపు గీత, నడుమ ఎత్తుగా, రెండు పక్కలా నేలకి దిగుతూ. ఆ గీత మీంచి వాసవి మొహం తిప్పుకుంది. ఒకప్పుడు ఎంత ప్రేమ దాని మీద. తెనాలిలో పదో తరగతి తెలుగు మీడియం, అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, ఈ మూడు మాటలూ జడగంటల్లా ఊపుకుంటూ ఇంటికి పోయేది, అమ్మ అడిగితే చెప్పేది, అందరివీ కలిపి పంచితే అంకమధ్యమం, వరసలో నిలబెట్టి నడిమివాణ్ణి పట్టుకుంటే మధ్యగతం, ఎక్కువమంది ఏదంటే అది బాహుళకం. ఈ బస్తీలో బాహుళకం ఏమిటో తెలుసా అమ్మా? ఇంట్లో అత్తగారుంది. పిల్లల్ని ఎవరు చూస్తారు అని అడిగితే ఎక్కువ ఇళ్ళు చెప్పింది అదే. ఇంట్లో సాస్ ఉంది దీదీ. ఉంటుంది మరి, పట్టపగలు పదకొండింటికి తలుపు తీసింది ఆ సాసే కదా. అత్తగారున్న ఇళ్ళకే పోయి, మీకు అత్తగారుందా అని అడిగి, ఉందని రాసుకొచ్చాను. ఎంత చదువుకున్నానమ్మా నేను.

ఎమ్మెస్సీలో లీలావతి మేడమ్ మొదటి రోజు క్లాసుకి ఆవకాయ జాడీ పట్టుకొచ్చారు. నిజం జాడీయే, ఇంట్లోది, మూతికి గుడ్డ కట్టి ఉంది. పైనుంచి ఒక చెంచా తీసి చూపించారు, అంతా నూనె. ఇది తిని ఆవకాయంటే నూనె అని రాస్తారా, లేకపోతే గరిటె అడుగుదాకా పోనిస్తారా, అంతేనమ్మా శాంపిల్ అంటే, మిగతాదంతా లెక్కలు, లెక్కలు ఎవరైనా చేస్తారు అన్నారు. క్లాసంతా ఆవకాయ వాసన. ఆ రోజు వాసవికి ఎంత బాగా అర్థమైందంటే హాస్టల్‌కి పోయి అన్నంలో నూనె మాత్రమే వేసుకుని తిని అందరినీ నవ్వించింది. అంత బాగా అర్థమైన ముక్క ఆరేళ్ళ తర్వాత ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, చేతిలోనే ఉంది, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో పదిహేడో పేజీలో అచ్చేసి ఉంది, ఇల్లు తాళం వేసి ఉంటే మూడు వేర్వేరు వేళల్లో వెళ్ళాలి, ఒకసారైనా పొద్దుపోయాకో ఆదివారమో వెళ్ళాలి, అప్పటికీ దొరక్కపోతే దొరకలేదని రాయాలి, ఇంకో ఇంటిని దాని బదులు తీసుకోకూడదు. తను మూడుసార్లు వెళ్ళింది. పదింటికి, ఒంటిగంటకి, మూడింటికి. మూడు వేళలూ వేర్వేరే కదా మరి.

దాని తర్వాతది బగల్ వాలా. ఈ మాట పుస్తకంలో ఉండదు, ఢిల్లీలో సర్వేలు చేసే పిల్లలందరికీ తెలుసు. తాళం వేసి ఉందా, బగల్ వాలా కొట్టు, పక్కింట్లో అడుగు, ఫారం మీద తాళం వేసిన ఇంటి నంబరే రాసెయ్, ఎవరు చూడొచ్చారు. మొదటి వారం వాసవి ఒప్పుకోలేదు. రెండో వారం ఖాళీ ఫారాల కట్ట చూసి భయం వేసింది, నాలుగు వందల్లో ఇన్ని దొరకలేదని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది, బస్తీకి పోకుండా మాల్‌లో కూర్చున్నారంటారు. మూడో వారం తనే అమ్మాయిలకి చెప్పింది, బగల్ వాలా చేసెయ్యండి, గుర్తుకి మాత్రం నంబర్ పక్కన చుక్క పెట్టండి. ఆ చుక్కలు నూట అరవై మూడు. రిపోర్టులో మాత్రం దొరకనివారు సున్నా. నూటికి నూరు మందీ జవాబిచ్చిన సర్వే మా కంపెనీ చరిత్రలో లేదు అని పద్మనాభం గారు అందరి ముందూ లడ్డూలు పంచారు. వాసవి సిగ్గులేకుండా రెండు తింది.

సెక్టారు నూట నలభై ఆరో, నూట నలభై అయిదో, బయట కడుతున్న అపార్టుమెంట్లు, క్రేన్లు, ఎండ అప్పుడే తెల్లగా కాలుతోంది. తొమ్మిదిన్నర. భానుశ్రీ బొరుగులు పెట్టేసి ఉంటుంది. కరెంటు ఉంటే ఫ్యాను తిరుగుతుంది, ఆ బస్తీలో కరెంటు పన్నెండుకీ మూడుకీ మధ్యలో పోతుంది, ఆ సంగతి రిపోర్టులోనే ఆరో పేజీలో ఉంది, సగటున రోజుకి రెండు గంటల ఇరవై నిమిషాలు. ఈ సగటు ఎవరికి తగుల్తుంది? సగటున ఉక్కపోస్తుందా? తాళాలు పడ్డాక, అన్నమ్మ పోయాక, వాసవి రెండు గంటలు ఆ వరసల్లోనే తిరిగింది, చుక్క పెట్టిన నంబర్ల తలుపులన్నీ వెతుక్కుంటూ, ఒక్కోదానికి చెవి ఆనించి. కొట్టింది. పిలిచింది. హిందీలో పిలిచింది, బేటా, కోయీ హై, ఎవరైనా ఉన్నారా అని. ఎక్కడా చప్పుడు లేదు. ఒక్కచోట దగ్గు, అదీ సగంలో ఆగిపోయింది. చప్పుడు లేకపోతే పిల్లలు లేరనుకోవచ్చా? పలకొద్దని నేర్పిన పిల్లలు పలకరు కదా. బాగా నేర్చుకున్న పిల్లలున్న గదీ, అసలు పిల్లలే లేని గదీ బయటికి ఒకేలా ఉంటాయి. అందుకే ఎంత తిరిగినా వాసవి దగ్గర ఒక్క అంకె కూడా పోగవలేదు, మోచేతులకి తుప్పు అంటుకుంది అంతే.

ఫోన్ మోగింది. పద్మనాభం గారు.

"ఫోటో ఫస్ట్ క్లాస్ వచ్చిందమ్మా! ఆడవాళ్ళు డ్యూటీకి పోతున్నది, వెనక ఎండ, బహుత్ బఢియా. యాడున్నవ్?"

సర్, ఆ ఫోటోలో వాళ్ళు తాళాలు వేస్తున్నారు సర్, అంది వాసవి. అని, ఆగకుండా అంతా చెప్పింది, చుక్కలు, బగల్ వాలా, నూట పన్నెండు, మూసిన నోరు. పక్కన పుస్తకం తెరిచిన అమ్మాయి తలెత్తి చూసింది. అవతల ఆయన ఏదో తలుపు మూసుకున్న చప్పుడు.

"ఇప్పుడు చెప్తే ఎట్ల అమ్మా? రిపోర్ట్ పోయింది, మెచ్చుకున్నరు కూడా. ఇయ్యాల పోయి మా సర్వే గలత్ అంటే రేపటి నుంచి మనకు పని ఎవరిస్తరు? నువ్వు చెప్పలేదు, నేను విన్లేదు. ఠీక్ హై?" ఫోన్ పెట్టెయ్యలేదు. మళ్ళీ చిన్నగా, "ఆ పిల్లకు ఎన్నేండ్లు?" అన్నారు.

ఆరు సర్ అంది వాసవి, అప్పటికి లైను లేదు, విన్నారో లేదో.

యాభై ఒకటో సెక్టారులో దిగి యాభై రెండో సెక్టారు దాకా ఎండలో పరిగెత్తింది, చున్నీ జారిపోయి కాళ్ళకి అడ్డం పడుతుంటే చుట్టి బ్యాగులో కుక్కింది, నీలం లైనెక్కి బొటానికల్ గార్డెన్‌లో దిగి మళ్ళీ పరిగెత్తి ఇంకో లైనెక్కింది. ఇక్కడ సీటు లేదు, తలుపుకి ఆనుకుని ఫోన్‌లో లెక్క వేసుకుంది. లెక్క తేలిగ్గానే వచ్చింది, పాడు లెక్క ఎప్పుడూ వస్తుంది. మొదటి జాబితాలో పడిన నాలుగు వందల ఇళ్ళలో నిజంగా మనుషులు దొరికినవి రెండు వందల ముప్ఫై ఏడు. వాటిల్లో పిల్లలకి దిక్కులేనివి ఇరవై ఆరు. మిగతా నూట అరవై మూడు తాళాలు. ఆ తాళాల వెనక భానుశ్రీ వాళ్ళు తప్ప ఇంకెవరూ లేకపోతే మొత్తం ఇరవై ఏడు, నూటికి ఆరూ ముప్పావు. అన్ని తాళాల వెనకా పిల్లలుంటే నూట ఎనభై తొమ్మిది, నూటికి నలభై ఏడు. అసలు సంగతి ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంది, ఎక్కడుందో తెలియదు. భానుశ్రీ ఇల్లు ఒక్కటీ పావు శాతం. ఆ కన్ను, ఆ అరచెంప, నోరు మూయించిన తమ్ముడు, అన్నీ కలిపి పావు. గీత అందాలంటే వంద ఇళ్ళు కావాలి, అంటే నూట అరవై మూడు తాళాల్లో డెబ్భై నాలుగింటి వెనక పిల్లలుండాలి. ఉండాలి, ఉండాలి దేవుడా, డెబ్భై నాలుగైనా ఉండాలి అని మొక్కుకుంటూ కాళిందీ కుంజ్ దాకా వచ్చి, ఏం మొక్కుకుంటోందో అప్పుడు తెలిసి, తలుపు అద్దానికి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది.

నలభై ఏడు అనేస్తే? ఓఖ్లా దాటి రైలు నేలలోకి దిగినప్పుడు వచ్చిందా ఆలోచన, చీకట్లో అద్దంలో తన మొహమే కనిపిస్తూ. మేడమ్, పదకొండు తప్పు, సరైన అంకె నలభై ఏడు. ఒక్క ముక్క. ఎవరు పోయి చూస్తారు? పదకొండుని ఎవరైనా పోయి చూశారా? లడ్డూలు తిన్నారు. తాళాలన్నిటి వెనకా పిల్లలున్నారని నా దగ్గర రుజువు లేదు, లేరని మాత్రం ఎవరి దగ్గరుంది? ఇస్తారు, బాలవాడి తెరుస్తారు, గోడల మీద ఏనుగు బొమ్మలేస్తారు, పన్నెండింటికి అన్నం పెడతారు, కూలరుంటుంది. నాలిక చివరి దాకా వచ్చిన ఆ అంకెని వాసవి చాలాసేపు అక్కడే పెట్టుకుంది. తర్వాత అసహ్యం వేసింది. బేర్ సరాయ్‌లో రెండుసార్లు సివిల్స్ రాసి, రెండుసార్లూ పోయి, గదిలో ఫ్యాను కేసి చూస్తూ పడుకున్న రోజుల్లో కూడా ఒకటే ధైర్యం ఉండేది, నాకు వచ్చినంతే వచ్చింది, కాపీ కొట్టలేదు, అబద్ధం రాయలేదు. ఆ ధైర్యాన్ని బగల్ వాలాతో సగం తగలేసింది. ఇప్పుడు మిగతా సగం కూడానా? తెలియనిదాన్ని తెలియదని, ఎంతవరకు తెలియదో కొలిచి చెప్పడమే మన చదువమ్మా, లేకపోతే మనకీ చిలక జోస్యానికీ తేడా లేదు, అనేవారు లీలావతి మేడమ్. తెలిసినంతే చెప్తాను. తాళాల సంగతి చెప్తాను, ఆరూ ముప్పావు నుంచి నలభై ఏడు దాకా అని చెప్తాను, ఇరవై రోజులు టైమివ్వండి, పొద్దుపోయాక వెళ్ళి ఊరికే చేసి తెస్తానంటాను. పెద్ద చదువులు చదివినవాళ్ళు, అర్థం చేసుకుంటారు. హౌజ్ ఖాస్‌లో మెట్లెక్కుతుంటే ఒళ్ళు తేలికపడింది, పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా అందింది. మాళవీయ నగర్. సాకేత్. పది యాభై రెండు. ఆటో అడిగినంతా ఇచ్చేసింది.

గదిలో చలి. ఏసీ పద్దెనిమిదిలో ఉంది, గోడ నిండా తను తీసిన ఫోటో, పదడుగుల అన్నమ్మ చేతిలో పదంగుళాల తాళం, ఫోటో పైన సర్వే కంపెనీ పేరు. బల్ల చుట్టూ ఏడుగురు, నడుమ ట్రస్టు పెద్దావిడ, తెల్లజుట్టు, నూలు చీర, మొహంలో నిజమైన దయ ఉంది, అది వాసవికి గుర్తుండిపోయింది. పద్మనాభం గారు ఇటు చూడలేదు. వాసవి కూర్చోకుండానే మొదలుపెట్టింది. ఆ తాళాలు చూపించింది. బగల్ వాలా చెప్పినప్పుడు ఎవరో ముసిముసిగా నవ్వారు, ఆ పని తెలిసినవాళ్ళే అయి ఉంటారు. నూట పన్నెండు చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అయితే అసలు అంకె ఎంత బేటా?"

"తెలియదు మేడమ్. ఆరూ ముప్పావు నుంచి నలభై ఏడు మధ్యలో ఉంది. ఇరవై రోజులిస్తే…"

"జాబితా ఇవాళే మూసెయ్యాలి బేటా. మిగతా రెండు బస్తీలూ ఎదురుచూస్తున్నాయి." ఆవిడ పక్కన కూర్చున్నాయన వైపు తిరిగింది. ఆయన లెక్కలు తెలిసిన మనిషిలా ఉన్నాడు, పెన్నుతో కాగితం మీద ఒక గీత గీసి, ఒక చివర ఏడు, ఒక చివర నలభై ఏడు వేసి, మధ్యలో ఒకచోట చుక్క పెట్టాడు. పదకొండు కూడా ఇందులోనే ఉంది కదా, అన్నాడు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. అంటే పదకొండు తప్పని ఈ అమ్మాయి కూడా అనడం లేదు. మన దగ్గరున్న అంకె అదొక్కటే.

తప్పులేదు ఆ మాటలో. అదే వాసవిని చంపేసింది. ఎక్కడ పట్టుకుని కాదనాలో తెలియలేదు, పదకొండు ఆ గీత మీదే ఉంది, ముప్ఫై కూడా ఉంది, నలభై కూడా ఉంది, కానీ ముప్ఫైకి కాగితం లేదు, పదకొండుకి అట్ట వేసిన రిపోర్టుంది. అవునవును అన్నట్టు బల్ల చుట్టూ తలలు ఊగాయి. పెద్దావిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, పెన్ను మూత తీసింది, కాగితం మీద మూడు బస్తీల పేర్లు, వాటిలో ఒకదాని పక్కకి ఆ పెన్ను కదులుతోంది, వాసవికి గదిలో ఇంకేం కనిపించలేదు, ఆ పెన్ను ముల్లు తప్ప. బయట ఎండ, కాసనాలో రేకుల మీద ఎండ, పన్నెండింటికి కరెంటు పోతుంది.

"నలభై ఏడు మేడమ్," అంది.

పెన్ను ఆగింది.

"నలభై ఏడే. అన్ని తాళాల వెనకా పిల్లలున్నారు. నేను చూశాను. ఒక్కొక్క తలుపూ చూశాను మేడమ్, నూట అరవై మూడూ చూశాను, అన్నిట్లో ఉన్నారు." తన గొంతు తనకే కొత్తగా ఉంది, పైకి పోతోంది, ఆపలేకపోయింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కాగితాల్లోకి చూశారు. గీత గీసినాయన మాత్రం జాలిగా చూశాడు. పెద్దావిడ తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు వాసవి వైపు జరిపింది. తాగు బేటా, ఎండన పడి వచ్చావు, అని, రెండు క్షణాలు ఆగి, ఆ బస్తీ పేరు పక్కన చిన్న అడ్డగీత గీసి, రెండో బస్తీ కాగితం తీసుకుంది.

పద్మనాభం గారు లేచి, భుజం పట్టుకుని బయటికి నడిపించారు. లిఫ్టు బటన్ నొక్కారు. ఈ మనిషి తిడితే బాగుండునని వాసవి ఎదురుచూసింది, ఆయన తిట్టలేదు, రుమాలు తీసి ఆమె చేతిలో పెట్టి, మెల్లిగా, బాధగా అన్నారు.

"ఆ నలభై ఏడు వచ్చుడుతోనే అనుంటే ఇచ్చేటోళ్ళమ్మా. పెన్ను చేతిలోనే ఉండె ఆమెకు."

వాసవి తల ఊపింది. లిఫ్టు పైన ఎర్ర అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. టైము పదకొండూ ఇరవై అయింది, అన్నమ్మ షిఫ్టు సాయంత్రం ఏడింటిదాకా ఉంది.